డొమైన్ పేరు మార్చినా గూగుల్‌లో దుకాణం పోకుండా ఉండాలంటే

వెబ్‌సైట్ చిరునామానే డొమైన్ పేరు అంటారు. అది చిన్నగా, ఫోన్‌లో ఒక్కసారి చెబితే రాసుకునేలా ఉండాలి. పేరులో 'బిర్యానీ', 'హైదరాబాద్' లాంటి మాటలు ఇరికించినంత మాత్రాన సైటు గూగుల్‌లో పైకి రాదు. వ్యాపారం మన దేశంలోనే అయితే డాట్ ఇన్ సరిపోతుంది.

ఉర్దూ పేర్లతో ఒక చిక్కుంది. రహమత్, రెహమత్ అని ఇంగ్లీషు స్పెల్లింగును ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు. వీలైతే రెండూ కొని, ఒకదాన్ని అసలు సైటుగా పెట్టుకుని, రెండోదాన్ని దానికి మళ్లించాలి. దీన్నే రీడైరెక్ట్ అంటారు.

రీడైరెక్ట్ శాశ్వతమైతే 301, కొన్నాళ్లకే అయితే 302. పేరు పూర్తిగా మార్చేవాళ్లు 301 వాడాలి. పాత సైటులోని ప్రతి పేజీని కొత్త సైటులో దానికి సరిపోయే పేజీకే పంపాలి, అన్నిటినీ హోమ్ పేజీకి తోసేయకూడదు. ఆ తర్వాత గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో చిరునామా మార్పు తెలపాలి. రీడైరెక్ట్‌ను కనీసం ఏడాది ఉంచమని గూగుల్ చెబుతోంది.

ఏడాది అయింది కదా అని పాత డొమైన్ రెన్యువల్ ఆపేస్తే దాన్ని ఎవరైనా కొనుక్కోవచ్చు. అప్పుడు పాత విజిటింగ్ కార్డు చూసి వచ్చే కస్టమర్ వాళ్ల సైటుకే వెళ్తాడు. అందుకే రెన్యువల్ మానకూడదు. డొమైన్ కూడా సైటు చేసిచ్చిన డిజైనర్ పేరు మీద కాదు, యజమాని పేరు, ఈమెయిల్ మీదే ఉండాలి.