ఆకాశవాణి వాకిట అనామక గాయకుడు

పేరులేని కళావంతునకు సభలో చోటు దొరకుట యే కాలమునను సులభము కాలేదు. కాళిదాసంతటివాడు తన మాళవికాగ్నిమిత్రమును రంగమునకు తెచ్చినప్పుడు, భాస సౌమిల్లకాదుల ప్రసిద్ధ కృతులుండగా ఈ క్రొత్తవాని నాటకమేల యను శంకను ప్రస్తావనలోనే ఎత్తి, దానికి సమాధానము చెప్పించవలసి వచ్చినది. మన సంస్థానముల కాలమునను ఇంతే. విజయనగరమునకో, పిఠాపురమునకో, గద్వాలకో పోయిన గాయకుడు దివాణపు గుమ్మము దాటవలెనన్న గురువు పేరో, పరిచయపు జాబో, దివానుగారి దయయో కావలసియుండెను. గొంతు వినబడుటకు ముందు వంశము వినబడవలెను.

రేడియో వచ్చినప్పుడు ఈ స్థితి మారునని పలువురు ఆశించిరి. ఆశించుటకు హేతువును కలదు. శ్రోతకు గాయకుని ముఖము గాని కులము గాని కట్టిన బట్ట గాని కనబడదు. రాజుగారి కొలువునకు పిలువబడని కాపువాడును, మందిరములోనికి రానీయబడని మాలవాడును సమానముగా వినగల సభ యిది. అయితే ఈ సభకు గోడలు లేకపోయినను వాకిలి యుండెను, వాకిట కావలివారుండిరి. ఆ కావలివారెవరు, వారు ఎవరిని రానిచ్చిరి, ఎవరిని పొమ్మనిరి యన్న చరిత్ర మన సంగీతచరిత్రలో ముఖ్యమైన అధ్యాయము. సంగీతపు పుస్తకములలో దీనికి తగినంత చోటు దొరకలేదు.

దక్షిణదేశమున రేడియో పుట్టుక ప్రభుత్వకార్యము కాదు. 1924లో సి. వి. కృష్ణస్వామి శెట్టిగారును వారి మిత్రులును చెన్నపట్టణమున మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బును స్థాపించి ప్రసారములు మొదలుపెట్టిరి. డబ్బు చాలక మూడేండ్లకు ఆ క్లబ్బు మూతపడగా, దాని యంత్రమును గైకొని చెన్నపురి కార్పొరేషనువారు 1930లో మరల ప్రసారములు సాగించిరి. 1936లో ఆలిండియా రేడియో యను పేరు వచ్చినది. 1938 జూన్ 16వ తేదీన ఆ సంస్థయొక్క మద్రాసు కేంద్రము తెరవబడినది. అటుపై పదేండ్లు, బ్రిటిషు పాలనలోని ఆంధ్రులకు దిక్కు ఆ యొక్క కేంద్రమే. దానినైనను తమిళులతో పంచుకొనవలెను. నిజాము రాజ్యమున హైదరాబాదులో దక్కన్ రేడియో యుండెను గాని, అందు ఉర్దూకే పెద్దపీట.

ఆ రోజులలో పాట ముందుగా ముద్రించి పంపునది కాదు. గాయకుడు స్వయముగా కేంద్రమునకు పోయి, నియమితమైన నిమిషమున మైకు ముందర కూర్చుండి పాడవలెను. బెజవాడనుండి చెన్నపట్టణమునకు రైలుదారి నాలుగువందల ముప్పది కిలోమీటర్లు. కాబట్టి మొదటి కావలివాడు దూరమే యని చెప్పవచ్చును. పట్టణమున కాపురముండువానికి పిలుపు సులభముగా వచ్చును. కోనసీమలోని భాగవతునకు ఆ పిలుపు సంగతియే తెలియదు. 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ కేంద్రము వెలసినప్పుడు తెలుగువారు పొందిన సంతోషములో సగము భాషాభిమానము కాగా, తక్కిన సగము రైలుఖర్చు తగ్గిన వాని సంతోషము. 1963లో కడపయందును విశాఖపట్టణమునను కేంద్రములు వచ్చుటతో ఈ కావలివాని బలము మరికొంత తగ్గినది.

రెండవ కావలి వాద్యమునకు సంబంధించినది. హార్మోనియపు మెట్లు కదలని స్వరములను పలుకునుగాని మన గమకములను పలుకవని సంగీతజ్ఞులు చాలకాలముగా ఆక్షేపించుచుండిరి. ఢిల్లీ కేంద్రమున పాశ్చాత్య సంగీతశాఖను చూచుచుండిన జాన్ ఫౌల్డ్సు అను ఆంగ్లేయుడు 1938లో దానిని ఖండించుచు వ్రాసెను. రవీంద్రనాథ ఠాకూరుగారును కలకత్తా కేంద్రమువారికి తమ అయిష్టమును తెలిపిరి. 1940 మార్చి 1వ తేదీనుండి ఆలిండియా రేడియోలో హార్మోనియము నిషిద్ధమయ్యెను. ఈ నిషేధము 1971 వరకు సడలలేదు.

వాదమున శాస్త్రబలము లేకపోలేదు. కాని మన పల్లెలయందు దాని ఫలితమును ఆలోచింపుడు. హార్మోనియము లేని పద్యనాటకమును తెలుగువాడు ఊహింపలేడు. ఆ పెట్టె ముందర కూర్చుండినవాడే నటునకు శ్రుతి; రాగము దీసి పద్యమందించువాడును, తడబడిన వానిని నిలబెట్టువాడును అతడే. ఇరువది యేండ్లు ఆ విద్యకు జీవితమిచ్చినవాడు రేడియో దృష్టిలో సంగీతజ్ఞుడే కాకపోయెను. వాని వ్రేళ్ళలోని నేర్పును ఎవ్వరును పరీక్షింపలేదు. చేతిలోని వస్తువును చూచి తీర్పు చెప్పిరి.

మూడవ కావలి మరింత కఠినమైనది. సంఘసంస్కరణము కోరువారు దీనిని గూర్చి నిదానముగా ఆలోచింపవలెను. 1946లో సమాచార ప్రసారశాఖ వల్లభభాయి పటేలుగారి అధీనమునకు వచ్చిన పిమ్మట, సొంత జీవితము లోకాపవాదమునకు గురియైన గాయనులకు రేడియోలో అవకాశమీయరాదను కట్టడి ఏర్పడినది. ఉత్తరదేశమున తరతరములుగా సంగీతమును కాపాడిన తవాయిఫులకు ఇది గొడ్డలిపెట్టు. మన దేశమున భోగము మేళములను మాన్పవలెనని వీరేశలింగముగారి తరమువారు పోరాడిరి. 1947లో మద్రాసు శాసనసభ దేవదాసీ విధానమును రద్దుచేసినది. ఆ పోరాటము న్యాయమైనది. బాలికను దేవునిపేర కట్టివేసి పురుషుల వినోదమునకు ఒప్పగించు ఆచారము ఒక్క దినమైనను నిలువదగినది కాదు.

అయితే ఆచారమును తీసివేయుట వేరు, ఆ యాచారమున నలిగిన స్త్రీ కంఠమును తీసివేయుట వేరు. తిరువయ్యారున త్యాగరాజస్వామి సమాధికి ఆలయము కట్టించినది బెంగుళూరు నాగరత్నమ్మగారు. ఆమె దేవదాసీ కులమున పుట్టినదే. ఆ సోదరీమణులు దాచియుంచిన పదములు, జావళీలు, అభినయము లేకున్న మన సంగీతమున సగము శూన్యము. సంస్కర్త వారికి చూపవలసిన గౌరవమైన జీవనోపాధి యేది? విద్యచే డబ్బు తెచ్చి, ఎవని దయకును లోబడనీయని మైకు కాదా? ఆ మైకునే వారికి దూరము చేసిన కట్టడి, సంస్కరణముపేర జరిగినను సంస్కరణమునకు విరోధియే. గాయకులైన పురుషుల నడవడిని గూర్చి ఇట్టి విచారణ సాగలేదను సంగతియు మరువరాదు.

నాల్గవ కావలి పాండిత్యము. 1952లో బి. వి. కేస్కరుగారు సమాచార ప్రసారమంత్రి యైరి. రేడియోలో పాడగోరు శాస్త్రీయ గాయకులందరును పరీక్షకు రావలెనని వారు విధించిరి. ఈ పరీక్షకు ఆడిషను అను పేరు నేటికిని నిలిచియున్నది. పండిత శ్రీకృష్ణ నారాయణ రతన్‌జన్కరుగారు ఆ పరీక్షకులకు పెద్ద. అప్పటికే ప్రసిద్ధులైనవారిని సైతము రాగలక్షణములు చెప్పుడని యడిగిరి. గురుముఖమున నేర్చి, గ్రంథము ముట్టని ఉస్తాదులకు ఇది తలవంపుగా తోచినది. నిరసనలు చెలరేగినవి, పలువురు పరీక్షకే రామనిరి. క్రమముగా విధానము సడలి స్థిరపడినది. గాయకులకు బి, బి హై, ఎ, టాప్ అను శ్రేణులేర్పడి, శ్రేణినిబట్టి పారితోషికము నిర్ణయమయ్యెను. లలితసంగీతమునకును జానపదసంగీతమునకును కూడ పరీక్షలు వచ్చినవి.

ఈ విధానమును తిట్టుట సులభము. దానిలోని మేలును గుర్తించుట న్యాయము. గాయకుని పేరు చెప్పక, ముఖము చూపక, పాటను మాత్రము వినిపించి తీర్పు కోరుట ఇందలి మూలసూత్రము. కేంద్రమున వడపోసిన పాటలను ముద్రించి ఢిల్లీకి పంపగా, అక్కడి పెద్దలు అంకెనుబట్టి విందురేగాని పేరునుబట్టి వినరు. పిఠాపురపు దివాణమున ఈ న్యాయము లభించెడిదా? తండ్రి మామూలు గుమాస్తా, మేనమామ యేమియు కాడు, అయినను వాని కుమార్తె బి హై శ్రేణి పొందగలిగినది. పెండ్లి కచేరీ కరపత్రముమీద పేరు ప్రక్కన రేడియో ఆర్టిస్టు అని అచ్చువేసికొనుటలో గల అతిశయము ఊరక వచ్చినది కాదు. ఏ జమీందారుని సిఫారసును లేక గెలిచితినను మాట అందు గర్భితమై యున్నది.

లోపము మరియొక చోట గలదు. కాళిదాసు నాటకముననే గణదాస హరదత్తులను నాట్యాచార్యులు తగవులాడగా, న్యాయము చెప్పవలసిన పండితకౌశికి నాట్యము ప్రయోగప్రధానమైన విద్య యని, మాటలతో తేలదని చెప్పి శిష్యురాలి ప్రదర్శనమును చూడగోరినది. రాగలక్షణము అప్పగించుమని పాటగానిని అడిగిన పరీక్షకులు ఆ పరివ్రాజిక వివేకమును మరచిరి. లక్షణము తెలిసినవాడు ఉపాధ్యాయుడు కావచ్చును. లక్ష్యము తెలిసినవాడే గాయకుడు.

ఐదవ కావలి శ్రోత. సినిమా పాట అభిరుచిని చెరచునని నమ్మి కేస్కరుగారు దానిని తగ్గింపజూచిరి. చిత్రముపేరు చెప్పక గాయకుని పేరు మాత్రమే చెప్పు పద్ధతికి కినిసి నిర్మాతలు తమ అనుమతులను ఉపసంహరించుకొనిరి. శ్రోతలు ఊరకుండిరా? ముల్లును త్రిప్పి సిలోను రేడియో పట్టుకొనిరి. 1952 డిసెంబరులో అచ్చట మొదలైన బినాకా గీతమాల దేశమంతటిని బుధవారము రాత్రి రేడియో ముందర కూర్చుండబెట్టినది. తుదకు 1957 అక్టోబరు 3వ తేదీన ఆలిండియా రేడియోయే వివిధభారతిని ప్రారంభింపక తప్పలేదు. జనుల చెవిని ఉత్తరువుచే త్రిప్పజాలమని ఈ యైదేండ్ల చరిత్ర నేర్పినది.

అయితే ఆ పోటీవలన మనకొక లాభము కలిగినది. సినిమా పాటకు మారుగా రేడియోవారు లలితసంగీతమును పెంపొందించిరి. బాలాంత్రపు రజనీకాంతరావుగారు 1941లోనే మద్రాసు కేంద్రమున చేరి, స్వయముగా వ్రాసి, స్వరములు కూర్చి, ఇతరులచే పాడించుచుండిరి. ఆయనవంటి వాగ్గేయకారులు కేంద్రములలో నుండుటచే, సినిమా కంపెనీ గుమ్మము తొక్కని కవికిని, శాస్త్రీయ కచేరీకి చాలని గాయకునకును నడుమ నొక దారి యేర్పడినది. ఈ మాసపు పాట విని నేర్చుకొని బడి వార్షికోత్సవమున పాడిన బాలబాలికలెందరో! పేరులేనివానికి మేలు చేయునది కావలివాని మంచితనము మాత్రమే కాదు, మరియొక వాకిలి యుండుటయు నని దీనివలన తెలియును.

రేడియో ప్రభుత్వముచేత నుండుటయే ఈ చిక్కులకెల్ల మూలమనువారు అమెరికా చరిత్రను చదువవలెను. అచ్చట కేంద్రములు వర్తకులవి. ఏ రికార్డు వేయవలెనో నిర్ణయించునది డిస్కు జాకీ. రికార్డు కంపెనీలు వారికి చాటున డబ్బిచ్చి తమ పాటలు వేయించుకొనెడివి. ఈ లంచమునకు పేయోలా అని పేరు. 1959, 1960లలో అమెరికా చట్టసభ దీనిని బహిరంగముగా విచారించి, చెప్పక పుచ్చుకొను సొమ్మును నేరముగా శాసించినది. రాక్ అండ్ రోల్ సంగీతమునకు పేరు తెచ్చిన అలన్ ఫ్రీడ్ 1962లో తప్పు ఒప్పుకొని మూడువందల డాలర్ల జరిమానా చెల్లించెను. జరిమానా చిన్నది, పోయిన ఉద్యోగము, మర్యాద పెద్దవి. కంపెనీ అండలేని పాటగానికి అక్కడ అడ్డము వచ్చినది డబ్బు. ఇక్కడ అడ్డము వచ్చినది పెద్దల అభిరుచి. మన దేశమునను 2001 నుండి ప్రైవేటు ఎఫ్.ఎం. కేంద్రములు వచ్చినవి, వానిలో సినిమా పాటదే రాజ్యము.

ఇంతవరకు చెప్పిన వాకిళ్ళన్నిటికిని వెలుపల నిలిచినవారొకరు కలరు. నాట్లు వేయుచు, తిరుగలి విసరుచు పాడు పల్లె స్త్రీకి తాను కళాకారిణి నను తలంపే లేదు. ఆడిషనుకు దరఖాస్తు పెట్టుట మాట దూరము. 2008 అక్టోబరులో జహీరాబాదు ప్రాంతమున మాచునూరు గ్రామమున సంఘం రేడియో మొదలైనది. దళిత స్త్రీలే దానిని నడుపుచున్నారు. తమ విత్తనములను గూర్చి, పండుగలను గూర్చి, పాటలను గూర్చి తమ మాటలోనే ప్రసారము చేయుదురు. అచ్చట పాడుటకు శ్రేణి అక్కరలేదు. ఆ ప్రసారము కొన్ని పదుల గ్రామములకు మాత్రమే వినబడును. అయినను, 1924లో పట్టణపు పెద్దమనుష్యుల క్లబ్బుగా పుట్టిన రేడియో ఎనుబదినాలుగేండ్లకు కూలిపని చేయు స్త్రీ చేతికి వచ్చినదన్నచో, అది చిన్న సంగతి కాదు.

నేడు చేతిలో ఫోనున్న ప్రతివాడును తన పాటను లోకముమీదికి వదలగలడు గావున ఈ చరిత్ర గతించినదని యువకులు తలంపవచ్చును. కాని లక్షల పాటలలో ఏది ముందుగా మన చెవిని బడవలెనో యంత్రము నిర్ణయించుచున్నది. ఆ కావలివానికి ముఖము లేదు, పేరు లేదు. మంత్రిపై కోపగించినట్లు వానిపై కోపగింపను వీలులేదు.

కావున మనము కోరవలసినది కావలివాడు లేని వాకిలిని కాదు. అట్టిది యెన్నడును లేదు. వంశమును, వాద్యమును, నడవడిని విచారింపక గొంతునే వినవలెను. కాదన్నవానికి కాదనుటకు కారణము చెప్పవలెను. ఒక వాకిట తప్పినవానికి మరియొక వాకిలి తెరచియుండవలెను. ఈ మూడింటిలో మొదటిదానిని ఆడిషను విధానము కొంతవరకు సాధించినది. మూడవదానిని లలితసంగీతమును, సంఘం రేడియోయు చూపినవి. రెండవది మాత్రము మన సంస్థలన్నిటికిని ఇంకను బాకీయే. పరీక్షపత్రమును దిద్ది, తప్పెక్కడనో చూపక సున్న మాత్రము వేసి ఇచ్చు ఉపాధ్యాయుని ఏ బాలుడును గౌరవింపడు. సంగీతము నేర్చుకొను బాలుడు మాత్రమేల గౌరవింపవలెను?