సాగర్ ఎడమ కాలువ లెక్కలు – ఒక ఎక్సెల్ షీటు

"ఒక టీఎంసీకి ఎన్ని ఎకరాలు పారుతుంది?" అని మిర్యాలగూడలో అడిగితే ఒక జవాబు వస్తుంది, కోదాడలో అడిగితే ఇంకోటి. సూర్యాపేటలో అయితే "ముందు నీళ్ళు రానీయండి, తర్వాత చెప్తాం" అంటారు. మూడు ఊళ్ళూ ఒకదానికొకటి గంట, గంటన్నర దూరం. 2016 అక్టోబరు 11 దాకా మూడూ నల్లగొండ జిల్లావే. మరి ఒకే ప్రశ్నకి మూడు జవాబులు ఎందుకు? ఈ మధ్య తీరిగ్గా కూర్చుని షీట్లో లెక్క వేసి చూస్తే నాకు తోచిన సంగతులు ఇవి.

మన దగ్గర సాగునీటి లెక్కలకి పాత కొలమానం 'డ్యూటీ'. ఒక క్యూసెక్కు నీళ్ళు పంటకాలం మొత్తం పారితే ఎన్ని ఎకరాలు పండుతుంది అని. బ్రిటిష్ ఇంజనీర్ల కాలం నుంచీ ఇదే వాడకం. ఇంకోవైపు రెవెన్యూ వాళ్ళకి వాళ్ళ లెక్క వుంది: పహాణీ, అజమాయిషీ. ఇరిగేషన్ వాళ్ళూ రెవెన్యూ వాళ్ళూ కలిసి పొలాలు తిరిగి ఎన్ని ఎకరాలు పారిందో రాసుకుంటే అది జాయింట్ అజమాయిషీ. అంటే ఒకరి దగ్గర నీళ్ళ టేబులు, ఇంకొకరి దగ్గర పంటల టేబులు. మన భాషలో చెప్పాలంటే ఈ రెండిటినీ జాయిన్ చెయ్యడమే అసలు సమస్య, ప్రైమరీ కీ ఎక్కడా లేదు కాబట్టి!

ఇక సాగర్ సంగతి. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలువలకి నీళ్ళు వదిలారు. ఎడమ కాలువకి లాల్ బహదూర్ పేరు పెట్టారు. దాని సామర్థ్యం 11,000 క్యూసెక్కులు. బచావత్ ట్రిబ్యునల్ సాగర్ కి ఇచ్చింది 281 టీఎంసీలు. అందులో కుడి కాలువకి 132, ఎడమ కాలువకి 132, మిగతా 17 ఆవిరి కింద. ఎడమ కాలువ ఆయకట్టు సుమారు 10.4 లక్షల ఎకరాలు. నల్లగొండలో మొదలై ఖమ్మం మీదుగా కృష్ణా జిల్లా దాకా.

ఒక టీఎంసీ అంటే నూరు కోట్ల ఘనపుటడుగులు. ఎకరం మీద అడుగు లోతు నీళ్ళు నిలబెట్టే లెక్కన చూస్తే దాదాపు 23 వేల ఎకరాలకి సరిపోతుంది. ఆ చొప్పున 132 టీఎంసీలని 10.4 లక్షల ఎకరాల మీద సమంగా పరిస్తే ఎకరానికి మూడడుగుల కంటే కాస్త తక్కువ వస్తుంది, అంటే 89 సెంటీమీటర్లు. కాలువ నిండుగా పారితే రోజుకి 0.95 టీఎంసీ. 132 పోవాలంటే ఒక్కరోజు కూడా ఆపకుండా 139 రోజులు పారాలి.

ఇప్పుడు ఇంకో గడిలో వరి అని కొట్టండి. మళ్ళలో ఇంకిపోయే నీటితో కలిపి వరికి నాలుగడుగులు అనుకుందాం. 132 టీఎంసీలు 7.6 లక్షల ఎకరాల దగ్గర అయిపోతాయి. మిగతా 2.8 లక్షల ఎకరాలకి చుక్క లేదు. కాలువ పొడుగునా ఇంకిపోయేది ఇందులో కలపలేదు. (వాన కొంత ఆదుకుంటుంది, నిజమే. దానికి ఇంకో కాలమ్ కావాలి.) అందుకే మొదట్లోనే ఆయకట్టుని తరి, ఆరుతడి అని విడదీసి గుర్తించారు. కాగితం మీద ఆ గీతలు అలాగే వున్నాయి. పొలంలో మాత్రం నీళ్ళు అందినంత మేరా వరే.

దీనికి రైతుని తప్పుపట్టే వాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. పై మడి వరి అయితే కింది మడిలో పత్తి వేసినా ఊటకి వేళ్ళు కుళ్ళిపోతాయి. పైగా మిర్యాలగూడలో అన్ని రైస్ మిల్లులు పెట్టుకుని "మీరు మొక్కజొన్న వేసుకోండి" అంటే ఎవరు వింటారు?

స్ప్రెడ్ షీట్ ఈ కథలోకి ఎప్పుడొచ్చింది? విజికాల్క్ 1979లో, లోటస్ 1-2-3 1983లో, ఎక్సెల్ 1985లో వచ్చాయని మనలో చాలామందికి తెలుసు. సాగునీటి వాళ్ళు ప్రపంచంలో ఏ ప్రాజెక్టునైనా ఏ ప్రాజెక్టుతోనైనా పోల్చడానికి పనికొచ్చే సూచికల కోసం వెతికారు. శ్రీలంక కేంద్రంగా పనిచేసే అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థ పరిశోధకులు 1998లో తొమ్మిది సూచికలు ప్రతిపాదించారు. ఎకరానికి ఎంత పండింది, ఘనపు మీటరు నీటికి ఎంత విలువ వచ్చింది, అవసరానికీ సరఫరాకీ నిష్పత్తి ఎంత.. ఇలాంటివి. అన్నీ భాగహారాలే. హారంలో ఏం పెడతారన్న దాని మీద జవాబు ఆధారపడుతుంది. గుర్తించిన ఆయకట్టు పెడితే ప్రాజెక్టు ఫెయిలు, నిజంగా పారిన విస్తీర్ణం పెడితే పాసు!

నాకు బాగా నచ్చింది మాత్రం ఆ తర్వాత ఎఫ్ఏఓ ప్రచారంలోకి తెచ్చిన ర్యాపిడ్ అప్రైజల్ ప్రాసెస్. కాలిఫోర్నియాకి చెందిన చార్లెస్ బర్ట్ బృందం తయారుచేసింది. అచ్చంగా ఒక ఎక్సెల్ వర్క్ బుక్. అనుభవం వున్న ఇంజనీరు ఒకటి రెండు వారాల పాటు కాలువ మొదటి నుంచి చివరి తూము దాకా తిరిగి 0 నుంచి 4 దాకా మార్కులు వేస్తాడు. అందులో ఒక చక్కటి కిటుకు వుంది. ఆఫీసులో "మేము ఇలా నీళ్ళిస్తున్నాం" అని చెప్పినదానికి ఒక మార్కు, పొలం దగ్గర కళ్ళతో చూసినదానికి ఇంకో మార్కు. ఈ రెండిటి తేడాయే గందరగోళానికి కొలత. స్టేటస్ రిపోర్టులో పచ్చరంగు, ప్రొడక్షన్ లో సర్వర్ డౌను.. మనకి కొత్తగా చెప్పాలా? 1999లో అచ్చయిన వాళ్ళ అధ్యయనంలో 16 ప్రాజెక్టులుంటే మన దేశం నుంచి దంతివాడ, మజల్ గావ్, భాక్రా వున్నాయి. సాగర్ లేదు.

అయితే సాగర్ ఎడమ కాలువని ఎవరూ చూడలేదని కాదు. 2002 తర్వాత రెండేళ్ళు కృష్ణలో నీళ్ళు లేక ఆయకట్టు ఎండింది. ఆ కాలాన్ని తీసుకుని పైన చెప్పిన సంస్థ పరిశోధకులు కాలువ విడుదలలనీ ఉపగ్రహ చిత్రాలనీ పక్కపక్కన పెట్టి 2008లో ఒక పేపరు రాశారు. నీళ్ళు తగ్గినప్పుడు దెబ్బ అందరికీ సమంగా తగల్లేదు, చివరి భూములకి ఎక్కువ తగిలింది అని తేలింది. రైతుకి ఇది వార్త కాదు కానీ, అంకెగా రాసి వుండటం వేరు. మొత్తం వరస చూస్తే "ఈ ఏడు సాగు తగ్గింది" అని మాత్రమే కనపడుతుంది. ఎవరికి తగ్గిందో విడి వరసల్లోనే వుంటుంది.

కోదాడని చూడండి. మ్యాపులో పెద్ద కాలువ మీద అది మధ్యలో వున్నట్టు అనిపిస్తుంది. కానీ ప్రతి మేజరుకీ దాని సొంత మొదలూ చివరా వుంటాయి. పెద్ద కాలువకి దగ్గరున్న ఊరు కూడా తన మేజరులో ఆఖరుది కావచ్చు. దాన్ని 'మధ్య భాగం' అని ఒక సగటులో కలిపేస్తే ఆ ఊరు షీట్లోంచి మాయం.

విడుదల కాలమ్ ని కూడా గుడ్డిగా నమ్మలేం. 2022 సెప్టెంబరులో నిడమనూరు మండలంలో ఎడమ కాలువకి గండి పడింది. 2024 సెప్టెంబరు మొదట్లో పెద్ద వానలకి కోదాడ దగ్గర నడిగూడెం మండలంలో మళ్ళీ తెగింది. గండిలోంచి పొలాలని ముంచుతూ పోయిన నీళ్ళు కూడా డ్యామ్ దగ్గర రాసే లెక్కలో 'ఎడమ కాలువకి ఇచ్చినవే'.

సూర్యాపేట కథే వేరు. ఆ చుట్టుపక్కల కొంత భూమికి 1963లో పూర్తయిన మూసీ ప్రాజెక్టు ఆధారం. 4.46 టీఎంసీల జలాశయం. హైదరాబాదు మురుగునీరంతా మూసీలోకే కాబట్టి, మన ఆఫీసు ప్యాంట్రీలో కప్పు కడిగిన నీళ్ళకీ అక్కడి వరికీ చుట్టరికం వున్నట్టే. మిగతాది శ్రీరాంసాగర్ రెండో దశ. గోదావరి నీళ్ళు, చిట్టచివరి కొస. కాళేశ్వరం ఎత్తిపోతలతో 2019 తర్వాత అక్కడికి నీళ్ళు చేరాయి. 2023 అక్టోబరులో మేడిగడ్డ పిల్లర్లు కుంగాయి. 2024 యాసంగిలో పొలాలు ఎండాయి. అదే ప్రాజెక్టుకి ఖర్చు-ప్రయోజనాల నిష్పత్తి 1.51 అని మొదట చూపించారు. 2024 ఫిబ్రవరిలో కాగ్ నివేదిక 0.52 అంది. ఫార్ములా ఒకటే, గడుల్లో పెట్టిన అంకెలు వేరు.

1997లో వచ్చిన చట్టంతో ప్రతి కాలువ కిందా నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పడ్డాయి. తూము తూముకీ, వారం వారం లెక్క వాళ్ళే రాసుకుని వుంటే ఈ పాటికి అద్భుతమైన డేటా వుండేది. సాగర్ మట్టం ఎన్ని అడుగులో ఇంట్లో కూర్చుని చూడొచ్చు. ఒక మేజరు తూము దగ్గర గేజీ ఎంతుందో చూడాలంటే బండి వేసుకుని పోవాల్సిందే. దసరాకి ఆ వైపు వెళ్ళేవాళ్ళుంటే ఫోనులో గేజీ ఫోటో, తేదీ తీసి పెట్టుకోండి. మొదటి తూము ఒకటి, చివరి తూము ఒకటి. షీటుకి మిగతా కాలమ్స్ నేను కలుపుతాను.