పలక నుంచి ఫోను దాకా: సారపాకలో చదువులు

గోదావరి మీద వంతెన లేని రోజుల్లో సారపాక నుంచి భద్రాచలం పోవాలంటే పడవే గతి. 1965లో ఆ వంతెనను ప్రారంభించిన రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు స్వయంగా ఉపాధ్యాయులు కావడం మా పంతులుగారికి ఎంతో గర్వం. నెల రోజులపాటు అదే మాట చెప్పారు. నేనప్పుడు హైస్కూలుకు వచ్చాను గాని, అంతకు ముందు మాకున్న సాధనాలు పలక, బలపం, ఇంట్లో ఒక పెద్దబాలశిక్ష. పలక మీద రాసింది సాయంత్రానికి చెరిగిపోతుంది గనుక నోటికి రావలసిందే. ఇరవై ఎక్కాలు నిద్రలో లేపి అడిగినా చెప్పేవాళ్లం.

1979లో ఐ.టి.సి. భద్రాచలం పేపర్‌బోర్డ్స్ మిల్లు ఉత్పత్తి మొదలుపెట్టాక ఊరి రూపమే మారింది. కాలనీ వచ్చింది, చుట్టుపక్కల చేలలో జామాయిల్, సుబాబుల్ తోటలు వచ్చాయి. మిల్లు పక్కనే ఉంది గనుక మాకు నోటుపుస్తకాలు చవకగా దొరికాయనుకునేరు! అక్కడ ప్రధానంగా తయారైంది అట్టపెట్టెలకు, ప్యాకింగుకు వాడే బోర్డు. అయినా ఆ రోజుల్లోనే పలక పోయి నోటుపుస్తకం వచ్చింది. రాసుకున్నది పుస్తకంలో ఉంటుంది, కంఠస్థం ఎందుకన్నారు పిల్లలు. పిల్లలు చెడిపోతున్నారని పెద్దలు అప్పుడూ అన్నారు.

టీవీతో పాఠాలు చెప్పడం కూడా కొత్తేమీ కాదు. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై వరకు అమెరికా వారి ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు కార్యక్రమాలు అందించారు. వాటిలో మన ఆంధ్రప్రదేశ్ గ్రామాలూ ఉన్నాయి. ఉదయం బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు ప్రసారాలు. అయితే బడిలో ఆ పెట్టె పక్కన ఒక మాస్టారు ఉండేవారు. నా దృష్టిలో అదే ముఖ్యం.

ఎందుకంటే 2020లో కరోనా వల్ల బడులు మూతపడి, సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానళ్లలో పాఠాలు మొదలైనప్పుడు ఆ మాస్టారు పక్కన లేరు. అప్పుడు మా మనవడు ఏడవ తరగతి. మా ఇంట్లో టీవీ ఉంది, ఫోను ఉంది. పాఠం అర్థం కాకపోతే అడగడానికి, అంతంత మాత్రమైనా, నేనున్నాను. అడవి లోపలి గూడేల్లో సిగ్నలు కోసం గుట్ట ఎక్కాలి. ఇంట్లో కోయభాష మాట్లాడే చిన్నపిల్లకు టీవీలోని పుస్తకాల తెలుగు సగమే అందుతుంది. బడిలో అయితే పిల్ల ముఖం చూసి మాస్టారు మళ్లీ చెబుతారు. పెట్టెకు పిల్ల ముఖం కనబడదు కదా.

బడులు తెరిచాక కూడా ఫోను మావాడి చేతిలోనే ఉండిపోయింది. ఏ లెక్క వచ్చినా ముందు వీడియో చూస్తాడు, తరువాత పుస్తకం తీస్తాడు. వాడి దస్తూరీ చూస్తే మా పాత సూపరింటెండెంటు ఫైలు విసిరికొట్టేవాడు. వాణ్ణి తిడదామంటే నా సంగతి గుర్తుకొచ్చింది. ఎఫ్.ఆర్. 22 ప్రకారం జీతం ఫిక్సేషను ఒకప్పుడు పుస్తకం తెరవకుండా చేసేవాణ్ణి. ఇప్పుడు నా కొడుకు ఫోను నంబరైనా నోటికి రాదు. లైఫ్ సర్టిఫికెట్టు ఇవ్వాల్సి వస్తే, ఫోనులో నా ముఖం పెట్టి పంపేది ఆ మనవడే. రెండు నిమిషాల పని.

1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు వచ్చినప్పుడు మాకు రేడియో, దండోరా, రేవు నుంచి పరుగెత్తుకొచ్చిన మనుషులే ఆధారం. 2022 జూలైలో నీళ్లు మూడవ ప్రమాద హెచ్చరిక 53 అడుగులు దాటి పెరుగుతుంటే, మావాడు గంటగంటకూ ఫోనులో నీటిమట్టం చూసి పాత నోటుపుస్తకంలో రాయడం మొదలుపెట్టాడు. ఎవరూ రాయమనలేదు. గంటకు ఎంత పెరిగిందో పక్కన తీసివేతలు కూడా వేశాడు. ఎగువన ఏ బ్యారేజీ నుంచి ఎంత వదిలారో వెతికి, అక్కడి నీళ్లు ఇక్కడికి చేరడానికి ఎంతసేపు పడుతుందని నన్నడిగాడు. నాకు తెలియదన్నాను. జూలై 16న 71.3 అడుగుల దగ్గర నది నిలిచింది. ఆ నోటుపుస్తకం నా సర్వీసు కాగితాలున్న బీరువాలో పెట్టాను.