సాదా చీర, ప్లెయిన్ చీర

మొన్న బిచ్కుందలో మా పెద్దమ్మతో చీరల దుకాణానికి వెళ్లాను. దుకాణం అబ్బాయి పూలవీ జరీవీ పరిచేస్తుంటే ఆవిడ చెయ్యి అడ్డుపెట్టి, "గివన్నీ ఒద్దు బిడ్డా, ప్లెయిన్‌ది తియ్యి" అంది. ఇంగ్లీషు అక్షరం ఒక్కటీ రాని మనిషి!

ఆవిడ చిన్నతనంలో దీన్ని "సాదా చీర" అనేవారట. సాదా పారసీ మాట; ఉర్దూ వెంట మన ఇళ్లలోకి వచ్చింది. నిజాం కాలంలో కచేరీ భాష ఉర్దూయే కదా! బిచ్కుంద అప్పట్లో నాందేడ్ జిల్లా దెగ్లూరు తాలూకాలో ఉండేది. 1956లో రాష్ట్రాలను విడదీసి కలిపినప్పుడు నాందేడ్ బొంబాయి రాష్ట్రానికి పోయింది. బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లను మాత్రం చట్టంలో పేరుపెట్టి మరీ మినహాయించి, మన నిజామాబాదు జిల్లాలో చేర్చారు. 2016 నుంచి కామారెడ్డి జిల్లా. తెలుగు, మరాఠీ, కన్నడం, ఉర్దూ నాలుగూ వినిపించే ఆ మూలన "సాదా" అంటే ఎవరికీ విడమరచి చెప్పే పని లేదు.

ఆ మాట చీరతో ఆగిందా? తెల్లకాగితం మీద పొలం అమ్మకం రాసుకుంటే అది సాదా బైనామా. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం వంద రూపాయలు, ఆపైన విలువ చేసే భూమి అమ్మకం రిజిస్టరు కావలసిందే. మన పెద్దలు నోటిమాటనీ, సాదా కాగితాన్నీ నమ్ముకున్నారు. 2020లో తెలంగాణ ప్రభుత్వం వాటిని క్రమబద్ధం చేస్తామంటే దరఖాస్తులు లక్షల్లో వచ్చిపడ్డాయి.

సరే, ఉర్దూ వద్దు, ఇంగ్లీషూ వద్దు. అచ్చ తెలుగులో చెప్పండి చూద్దాం. వట్టి అన్నం, ఉత్త చేతులు, బోసి మెడ. ఏ మాట తీసుకున్నా ఏదో లేదనే చెబుతుంది. ఉత్త చేతులతో వచ్చిందంటే అది దెప్పుడే. బోసి మెడ సంగతి ఆడవాళ్లకు వేరే చెప్పాలా? ఇంగ్లీషు ప్లెయిన్‌కు లాటిన్ మూలంలో అర్థం చదును. సింపుల్‌కు ఒక్క మడత. లోటు ఊసే లేదు! మాటలు దొరక్క కాదు, ఆ లోటు వినలేకే మనం ఇంగ్లీషు పట్టుకున్నామేమోనని నాకు అనుమానం.

పెదనాన్న పోయిన మరుసటేడు ఒక పెళ్లిలో ఎవరో, "అయ్యో, మెడ బోసిగున్నది" అన్నారు. పెద్దమ్మ లేచి వెళ్లబోయింది. మనవరాలు చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, "బోసిగ ఏం లేదు. మా అమ్మమ్మ సింపుల్‌గున్నది" అంది. అన్నావిడ ఒక్క క్షణం తెల్లబోయి, "అవునే, సింపుల్‌గనే ఉన్నది" అంటూ పక్కకు జరిగి చోటిచ్చింది. పెద్దమ్మ ఆ పూట బంతిలో కూర్చుని భోంచేసే వచ్చింది.

దుకాణంలో చివరికి బూడిదరంగు చీర ఒకటి కుదిరింది. అబ్బాయి మడతపెడుతూ, "జాకెట్టు ముక్కకన్నా జరీ ఉన్నది ఇయ్యన్నా అమ్మా?" అన్నాడు.

"ఒద్దు బిడ్డా, గదీ ప్లెయినే" అంది పెద్దమ్మ, కొంగుముడి విప్పి డబ్బులు లెక్కపెడుతూ.