పోలీసు కొలువులో స్వలింగ ప్రేమ: ఒక నిషేధం చరిత్ర

పోలీసు బలగాల్లో పనిచేసేవారు తమలాంటి మగవాణ్ణో, తమలాంటి ఆడమనిషినో ప్రేమించడం పంతొమ్మిదో శతాబ్దం చివరి నుంచి ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం దాకా అనేక దేశాల్లో రెండు విధాల నిషిద్ధంగా ఉండేది. ఒకటి నేరస్మృతి పెట్టిన నిషేధం. రెండోది కొలువు పెట్టిన నిషేధం: సర్వీసు నియమాలు, బ్యారక్ కట్టుబాట్లు, పై అధికారి ఇష్టాయిష్టాలు. మొదటిది ఎప్పుడు పుట్టిందో, ఎప్పుడు పోయిందో తేదీలతో సహా చెప్పొచ్చు. రెండోది ఎక్కడా స్పష్టంగా రాసి ఉండదు కాబట్టి దాని ముగింపుకు తేదీ కూడా లేదు. కానీ ఉద్యోగాలు ఊడగొట్టిందీ, జీవితాల్ని మార్చేసిందీ ఎక్కువగా ఈ రెండోదే. లండన్, భోపాల్ నగరాల్లో అరవై ఏళ్ళ తేడాతో జరిగిన రెండు కథలు పక్కపక్కన పెట్టి చూస్తే ఇది తేటతెల్లమవుతుంది.

చట్టం పూర్వాపరాలు

ఇంగ్లండులో మగవాళ్ళ మధ్య సంపర్కానికి 1533 నాటి చట్టం మరణశిక్ష పెట్టింది. 1861లో దాన్ని తీసేసి యావజ్జీవం చేశారు. 1885లో హెన్రీ లబూషేర్ అనే పార్లమెంటు సభ్యుడు తెచ్చిన సవరణ అంతకంటే పెద్ద వల విసిరింది. మగవాళ్ళ మధ్య ఏ రకమైన ‘అసభ్య చర్య’కైనా, అది నాలుగు గోడల మధ్య జరిగినా సరే, కఠిన శ్రమతో గానీ, అది లేకుండా గానీ రెండేళ్ళ దాకా జైలు. ఆస్కార్ వైల్డ్‌ను 1895లో జైలుకు పంపింది ఈ సవరణే. ఆడవాళ్ళ ఊసు అందులో లేదు.

మన దేశానికి ఇదే ఆలోచన కాస్త ముందుగానే, వేరే రూపంలో వచ్చింది. మెకాలే చిత్తు రాసిన భారత శిక్షాస్మృతి 1860లో చట్టమై, 1862 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందులోని 377వ సెక్షన్ ‘ప్రకృతి విరుద్ధ’ సంపర్కానికి యావజ్జీవం గానీ, పదేళ్ళ దాకా జైలు గానీ విధించింది. ఈ చట్టాల్ని అమలు చేసే పని పోలీసులది. పార్కుల్లో, మూత్రశాలల్లో మాటువేసి మనుషుల్ని పట్టుకోవడం మామూలు డ్యూటీలో భాగం. ఆ డ్యూటీ చేసేవాళ్ళలోనూ అటువంటి మనసున్నవాళ్ళు ఉంటారన్న ఊహను మాత్రం ఏ బలగమూ దగ్గరికి రానివ్వలేదు.

హామర్‌స్మిత్ ఠాణా

హారీ డేలీ 1901లో ఇంగ్లండు తూర్పు తీరంలోని లోస్టాఫ్ట్ రేవులో పుట్టాడు. తండ్రి జాలరి, వేటకు వెళ్ళి సముద్రంలోనే పోయాడు. 1925లో డేలీ లండన్ మెట్రోపాలిటన్ పోలీసులో కానిస్టేబులుగా చేరితే హామర్‌స్మిత్‌లో పోస్టింగు ఇచ్చారు. అప్పట్లో పెళ్ళికాని కానిస్టేబుళ్ళు ఠాణాకు చెందిన వసతిగృహంలోనే ఉండాలి. పడక, భోజనం, స్నానం, పేకాట అన్నీ అక్కడే, పదిమంది కళ్ళ ముందే. అలాంటి చోట ఏ రహస్యమైనా ఎన్నాళ్ళు దాగుతుంది? డేలీ దాచే ప్రయత్నం కూడా పెద్దగా చేయలేదు. తాను ఎలాంటివాణ్ణో తోటివాళ్ళకు తెలిసే ఉండనిచ్చాడు. ఎగతాళి ఎదురైంది, అయినా ఉద్యోగం పోలేదు.

ఆ పేటలోనే థేమ్స్ ఒడ్డున జె.ఆర్. ఆకర్లీ అనే రచయిత ఉండేవాడు. బీటు తిరిగే కానిస్టేబులుకు ఆయనతో స్నేహం కుదిరింది. ఆయన ద్వారా ఇ.ఎం. ఫార్‌స్టర్‌తో పరిచయమైంది. అప్పటికే ‘ఎ పాసేజ్ టు ఇండియా’ అచ్చయి ఫార్‌స్టర్ పేరు మారుమోగుతోంది. ఇక్కడ హైదరాబాదు ప్రస్తావన తేవాలి. ఆ నవలను ఫార్‌స్టర్ అంకితమిచ్చింది సయ్యద్ రాస్ మసూద్‌కు. మసూద్ నిజాం రాజ్యంలో విద్యాశాఖ డైరెక్టరుగా పనిచేసి, ఉస్మానియా విశ్వవిద్యాలయం నిలదొక్కుకోవడంలో పాలుపంచుకున్నవాడు. యౌవనంలో ఫార్‌స్టర్ ఆయన్ని గాఢంగా ప్రేమించాడు, ఆ ప్రేమకు అటువైపు నుంచి స్నేహమే బదులుగా దొరికింది. 1921 చివర్లో హైదరాబాదు వచ్చి ఆయన దగ్గర గడిపాడు కూడా. మనసులో మాట నలుగురిలో చెప్పుకోలేని బాధ ఫార్‌స్టర్‌కు హామర్‌స్మిత్‌కు రాకముందే తెలుసు.

డేలీ, ఫార్‌స్టర్‌ల మధ్య 1920ల చివర్లో కొన్నేళ్ళు సంబంధం నడిచింది. పోలీసు ఉద్యోగి చేసే నేరం అది, శిక్ష రెండేళ్ళ దాకా జైలు. అయినా డేలీ బెరుకు లేకుండా తిరిగాడు. డంకన్ గ్రాంట్ అనే చిత్రకారుడి ముందు యూనిఫాంతో కూర్చుని బొమ్మ గీయించుకున్నాడు. గుండీలు పెట్టిన నల్ల కోటులో ఉన్న ఆ కానిస్టేబులు చిత్రపటం ఇప్పుడు లండన్‌లోని గిల్డ్‌హాల్ ఆర్ట్ గ్యాలరీలో ఉంది. బి.బి.సి. రేడియోలో ప్రసంగాలు కూడా చేశాడు. డేలీ నోట్లో నువ్వుగింజ నానదని, ఎప్పుడో అందర్నీ ఇరికిస్తాడని ఫార్‌స్టర్‌కు భయం పట్టుకుంది. క్రమంగా దూరం జరిగాడు.

1930 వసంతంలో, థేమ్స్‌పై పడవ పందెం జరిగే రోజున ఆకర్లీ ఇంట్లో జరిగిన విందులో ఫార్‌స్టర్‌కు మరో కానిస్టేబులు, డేలీకి తెలిసినవాడే అయిన బాబ్ బకింగ్‌హామ్ ఎదురయ్యాడు. ఆ బంధం నలభై ఏళ్ళు నిలిచింది. 1932లో బాబ్, మే అనే నర్సును పెళ్ళి చేసుకుంటే రిజిస్ట్రారు ఆఫీసులో సాక్షి సంతకం ఫార్‌స్టర్‌దే. మొదట్లో ఆమెకూ ఆయనకూ పొసగలేదు. తర్వాత తర్వాత ముగ్గురూ ఒక కుటుంబమయ్యారు. కొడుక్కి ఫార్‌స్టర్ పేరులోని మోర్గన్‌ను కలిపి రాబర్ట్ మోర్గన్ అని పెట్టుకున్నారు. 1970 జూన్‌లో ఫార్‌స్టర్ కన్నుమూసింది కవెంట్రీలో ఆ దంపతుల ఇంట్లోనే. ఇంత జరిగాక కూడా, ఆయన స్వలింగ ప్రేమికుడని తనకు తెలియదని బాబ్ అన్నాడు. పాతికేళ్ళకు దగ్గరగా పోలీసు కొలువు చేసినవాడి నోట ఆ మాట రావడం వెనుక అబద్ధం కంటే అలవాటే ఎక్కువ కనిపిస్తుంది. 1967లో చట్టం మారి అది నేరం కాకుండా పోయినా, అంతకుముందు జీవితమంతా పాటించిన జాగ్రత్త ఆయన్ని వదల్లేదు. బ్రిటన్ రచయిత్రి బెథన్ రాబర్ట్స్ 2012లో రాసిన ‘మై పోలీస్‌మన్’ నవలకూ, 2022లో వచ్చిన సినిమాకూ స్ఫూర్తి ఈ ముగ్గురి జీవితమే.

డేలీ సార్జెంటుగా ఎదిగి, పాతికేళ్ళు పూర్తిచేసి 1950లో రిటైరయ్యాడు. తర్వాత కొన్నాళ్ళు వ్యాపార నౌకల్లో పనిచేశాడు. 1971లో చనిపోయాడు. ‘దిస్ స్మాల్ క్లౌడ్’ పేరిట అతని ఆత్మకథ 1986లో వచ్చింది. బ్రిటన్ పోలీసుల్లో స్వలింగ ప్రేమ గురించి లోపలివాడే చెప్పిన తొలినాటి సాక్ష్యాల్లో ఇది అమూల్యమైనది. కొలువులో ఉన్నన్నాళ్ళూ చట్టాన్ని అతిక్రమించిన మనిషి గౌరవంగా రిటైరయ్యాడంటే, ఠాణాలో అతని చుట్టూ ఉన్నవాళ్ళు చూసీ చూడనట్టు ఊరుకున్నారన్నమాట. చట్టం ఒకటి, ఠాణా ఒకటి.

వేట ముదిరిన రోజులు

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటన్‌లో ఆ చూసీచూడనితనం సన్నగిల్లింది. మఫ్టీలో అందమైన యువ కానిస్టేబుళ్ళను ఎరగా పంపి మగవాళ్ళను పట్టుకోవడం పెరిగింది. 1953లో నటుడు జాన్ గీల్‌గుడ్‌ను అరెస్టు చేసి 10 పౌండ్ల జరిమానా వేశారు. 1954లో లార్డ్ మాంటెగ్యూ, పత్రికా రచయిత పీటర్ వైల్డ్‌బ్లడ్ జైలుకెళ్ళారు. ఈ కేసుల మీద చెలరేగిన చర్చ నేపథ్యంలోనే ఉల్ఫెండెన్ కమిటీ ఏర్పడింది. పెద్దవాళ్ళు ఇష్టపూర్వకంగా, ఏకాంతంలో చేసేది నేరం కాకూడదని అది 1957లో సిఫారసు చేసింది. పార్లమెంటు ఒప్పుకోవడానికి మరో పదేళ్ళు పట్టింది. 1967 చట్టం ఇంగ్లండు, వేల్సులకే పరిమితం, వయసు 21 దాటాలి.

కెనడాలో అయితే కొలువు నిషేధం నగ్నంగా బయటపడింది. 1950ల నుంచి నాలుగు దశాబ్దాల పాటు సైన్యం నుంచి, ప్రభుత్వ కార్యాలయాల నుంచి, రాయల్ కెనడియన్ మౌంటెడ్ పోలీసు నుంచి అనుమానితుల్ని ఏరివేశారు. ఆ ఏరివేతకు విచారణలు నడిపిందీ ఆ పోలీసు బలగమే. 1969లో చట్టం సడలినా ఏరివేత ఆగలేదు. 2017 నవంబరు 28న ప్రధాని జస్టిన్ ట్రూడో పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు.

న్యూయార్క్‌లో మలుపు ఒక సార్జెంటు నోటిమాటతో వచ్చింది. 1981 నవంబరులో స్వలింగ ప్రేమికుల హక్కుల బిల్లు మీద నగర కౌన్సిల్ వాదనలు వింటోంది. పోలీసు సంఘం ప్రతినిధి బిల్లును వ్యతిరేకిస్తూ, బలగంలో అలాంటివాళ్ళెవరూ తనకు తెలియదన్నాడు. ఆ వెనకే సార్జెంటు చార్లెస్ కాక్రేన్ లేచి, తాను గేనని, పోలీసునని, రెండూ తనకు గర్వకారణమని చెప్పాడు. మర్నాటికల్లా నగరమంతా తెలిసిపోయింది. మరుసటి ఏడే ఆయన, మిత్రులు కలిసి గే ఆఫీసర్స్ యాక్షన్ లీగ్ స్థాపించారు. లండన్‌లో ఇలాంటి సంఘం 1990లో పుట్టింది. 2003లో అక్కడి పోలీసులు మొదటిసారి యూనిఫాంతో ప్రైడ్ ఊరేగింపులో నడిచారు.

భోపాల్, 1987

మధ్యప్రదేశ్ ప్రత్యేక సాయుధ దళం 23వ బెటాలియన్‌లో లీలా, ఊర్మిళా ఇద్దరు మహిళా కానిస్టేబుళ్ళు. 1987 డిసెంబరులో వాళ్ళిద్దరూ పెళ్ళి చేసుకున్నారు. శకుంతలా దుష్యంతుల కథతో మనకు బాగా తెలిసిన గాంధర్వ విధినే ఎంచుకున్నారు. సంగతి పై అధికారులకు తెలిసింది. ఇద్దరినీ కొలువు నుంచి డిశ్చార్జి చేశారు. 1988 తొలి నెలల్లో ఈ వార్త దేశమంతటా పత్రికల్లో వచ్చింది. 

వాళ్ళు అతిక్రమించిన చట్టమేదని వెదికితే ఏదీ దొరకదు. 377వ సెక్షన్ ఆడవాళ్ళ మధ్య ప్రేమకు వర్తించదన్నదే న్యాయవాదుల్లో ఎక్కువమంది అభిప్రాయంగా ఉండేది. ఏ హిందూ వివాహ చట్టమూ వాళ్ళ పెళ్ళిని గుర్తించదు నిజమే, కానీ గుర్తించకపోవడం వేరు, శిక్షించడం వేరు. డిస్మిస్ చేయాలంటే అభియోగం మోపాలి, విచారణ జరపాలి, సంజాయిషీ వినాలి. రాజ్యాంగం 311వ అధికరణం ప్రభుత్వోద్యోగికి ఇచ్చే రక్షణ అది. మామూలు డిశ్చార్జికి అంత తతంగం అక్కర్లేదు. ఏ తప్పూ నిరూపించకుండానే మనిషిని గేటు బయట నిలబెట్టే వీలు అందులో ఉంది. లండన్‌లో నేరం చేస్తూనే డేలీ పింఛను అందుకున్నాడు. ఏ నేరమూ లేకుండానే ఈ ఇద్దరు అమ్మాయిల నోటికాడి కూడు పోయింది.

ఇరుగుపొరుగు స్పందన మాత్రం అధికారులు ఊహించినట్టు లేదు. పెళ్ళంటే రెండు ఆత్మల కలయిక కదా, ఆ రెండూ ఒక ఆడా ఒక మగా కావాలని ఏ శాస్త్రంలో ఉందని ఒక బడిపంతులమ్మ విలేఖరుల్ని అడిగింది. స్వలింగ ప్రేమ పడమటి నుంచి వచ్చిన పట్నవాసపు మోజు అనే వాదనకు ఈ ఘటన నాటికీ నేటికీ గట్టి జవాబు. ఆ ఇద్దరూ ఇంగ్లీషు పుస్తకాలు చదివి ఆ నిర్ణయానికి రాలేదు, బెటాలియన్‌లో కలిసి బతికి వచ్చారు. ఈ ఘటన జరిగిన కొన్నేళ్ళకు, ఢిల్లీలోని ఎయిడ్స్ భేద్‌భావ్ విరోధీ ఆందోళన్ అనే బృందం 1991లో ‘లెస్ దాన్ గే’ పేరుతో తెచ్చిన నివేదిక, దేశంలో స్వలింగ ప్రేమికుల స్థితిగతుల మీద తొలి పౌర నివేదికగా నిలిచింది. ఆ బృందమే 1992 ఆగస్టులో, ఒక పార్కులో జరిగిన అరెస్టులకు నిరసనగా ఢిల్లీ పోలీసు ప్రధాన కార్యాలయం ముందు ధర్నా చేసింది. 

సంఘం లేని చోట కోర్టు

న్యూయార్క్, లండన్ పోలీసులు సంఘం పెట్టుకుని తలెత్తుకున్నారు. భారత పోలీసుకు ఆ దారి దాదాపు మూసుకుపోయింది. రాజ్యాంగం 33వ అధికరణం బలగాల ప్రాథమిక హక్కుల్ని కుదించే అధికారం పార్లమెంటుకు ఇచ్చింది. దాని ప్రకారం వచ్చిన 1966 నాటి చట్టం పోలీసులు అనుమతి లేకుండా సంఘాల్లో చేరడాన్నీ, పత్రికలతో మాట్లాడటాన్నీ కట్టడి చేసింది. కాక్రేన్ చేసిన పని ఇక్కడి హెడ్ కానిస్టేబులు చేస్తే ముందు వచ్చేది మెమో. కాబట్టి మార్పు ఒక్కొక్కరుగా కోర్టు మెట్లెక్కినవాళ్ళ వల్లే వచ్చింది.

377వ సెక్షన్‌ను ఢిల్లీ హైకోర్టు 2009లో సడలిస్తే సుప్రీంకోర్టు 2013లో ఆ తీర్పును కొట్టేసింది. 2018 సెప్టెంబరు 6న నవ్‌తేజ్ సింగ్ జోహార్ కేసులో అయిదుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా ఇష్టపూర్వక ప్రేమను నేరాల జాబితా నుంచి తొలగించారు. నేరస్మృతి నిషేధం అక్కడితో ముగిసింది. కొలువు నిషేధం మిగిలే ఉందని ఏడాది తిరక్కుండానే రుజువైంది. 2019 జూన్‌లో ఉత్తరప్రదేశ్‌లోని బులంద్‌శహర్ జిల్లాలో ఒక హోంగార్డు తన మిత్రుడితో సన్నిహితంగా ఉన్న వీడియో బయటపడిందని అతని నియామకాన్ని రద్దు చేశారు. అతను అలహాబాదు హైకోర్టుకు వెళ్ళాడు. 2021 ఫిబ్రవరిలో ఆ కోర్టు రద్దు ఉత్తర్వును కొట్టేసి, సుప్రీంకోర్టు తీర్పుకు ఇది విరుద్ధమని చెప్పి, అతన్ని మళ్ళీ విధుల్లోకి తీసుకోమంది. 2020లో గుజరాత్‌లో ప్రేమించుకుని కలిసి ఉంటున్న ఇద్దరు మహిళా కానిస్టేబుళ్ళు బంధువుల నుంచి ప్రాణభయం ఉందని హైకోర్టును ఆశ్రయిస్తే, వాళ్ళకు రక్షణ కల్పించమని కోర్టు జిల్లా పోలీసుల్ని ఆదేశించింది.

తమిళనాడు ప్రభుత్వం మద్రాసు హైకోర్టు జోక్యంతో 2022లో పోలీసు ప్రవర్తనా నియమాలు సవరించి, స్వలింగ ప్రేమికులు తదితర వర్గాల ప్రజల్ని వేధించడాన్ని పోలీసులకు నిషిద్ధం చేసింది. ఆ నియమం రక్షించేది ఠాణాకు వచ్చే మనుషుల్ని. ఠాణాలో పనిచేసే మనిషి సంగతి వేరు. 2023 అక్టోబరు 17న సుప్రియో కేసులో సుప్రీంకోర్టు స్వలింగ వివాహానికి చట్టబద్ధత ఇవ్వడానికి నిరాకరించి, ఆ పని పార్లమెంటుకు వదిలింది. దీంతో ఇవాళ ఏ రాష్ట్రంలోనైనా ఇద్దరు కానిస్టేబుళ్ళు గాంధర్వ విధిన ఒకటైతే కొలువు పోకపోవచ్చు గానీ, భార్యాభర్తల కోటాలో బదిలీ, కుటుంబ పింఛను, డ్యూటీలో ఒకరు చనిపోతే రెండోవారికి కారుణ్య నియామకం ఇవేవీ చట్టప్రకారం దక్కవు.