నీరడి కొలువు, నైట్ షిఫ్టు కొలువు

సాగర్ రోడ్డు పట్టుకుని హైదరాబాదు దాటి వస్తే ఇబ్రహీంపట్నం. ఇబ్రహీం కుతుబ్ షా (1550–1580) కాలం నాటి పెద్దచెరువు ఊరికి ఆనుకునే ఉంటుంది. షాబాద్ వైపు నుంచి దీన్ని నింపడానికే నిజాం కాలంలో ఫిరంగి కాలువ తవ్వారు. ఈ మండలంలోనే, ఆదిభట్లలో, ఇవాళ టీసీఎస్ ప్రాంగణం ఉంది. నేను పనిచేసేది నగరంలో వేరే కంపెనీలో. సర్వర్లకు కాపలా. రాత్రంతా గోడంత తెర మీద గ్రాఫులు చూడాలి, ఏ అంకె హద్దు దాటినా ఫోను మోగుతుంది, లేచి సరిచేయాలి. ఇది కంప్యూటర్లతో పుట్టిన కొత్త వృత్తి అంటారు. నేనొప్పుకోను. ఇదే మండలంలో ఒక చిన్న పల్లెలో మా తాత నీరడి.

నిజాం ఇలాకాలో పటేలు, పట్వారీల కింద ఊరి పనివాళ్లలో నీరడి ఒకడు. వంతుల ప్రకారం పొలాలకు నీళ్లు వదలడం అందరికీ కనిపించే పని. వానాకాలం రాత్రుళ్లు కట్ట మీద తిరగడం అంతకన్నా పెద్ద పని. తాత చెరువు లోపలి నీళ్ల కన్నా కట్ట వెనక వాలునే ఎక్కువ చూసేవాడు. అక్కడ తడి కనిపిస్తే లాంతరు కింద పెట్టి, ఊటనీటిని దోసిట్లో పట్టి చూసేవాడు. నీళ్లు తేటగా ఉంటే భయం లేదు, ఏ మట్టికట్టకైనా కొంత ఊట ఉంటుంది. మట్టిరంగు తిరిగిందంటే మాత్రం కట్ట లోపల మన్ను కొట్టుకుపోతున్నట్టే, ఇక గంటలే. అప్పుడు ఆయన ఎవరి అనుమతి కోసమూ ఆగనక్కర్లేదు. తూము ఎత్తేవాడు, డప్పు కొట్టించి ఊరిని లేపేవాడు. చూసే మనిషికే చేసే హక్కు కూడా ఉండేది.

అంత చూపున్నా చాలని రోజు, మూసీ వరద వచ్చిన 1908 సెప్టెంబరు 28. శంషాబాద్‌లో 24 గంటల్లో 12.8 అంగుళాల వాన పడింది. నగరానికి ఎగువన మూసీ పరీవాహకంలో 788 చెరువులుంటే 221 తెగాయని ఆ తర్వాత విచారించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య లెక్క తేల్చారు. మనవి గొలుసుకట్టు చెరువులు. పైచెరువు మత్తడి నీళ్లే కిందిచెరువుకు ఆధారం, పైది తెగితే ఆ ఉప్పెన కూడా దానికే. ప్రతి కట్ట మీదా కాపలా ఉండొచ్చు, కానీ పైకట్ట కబురు కిందికట్టకు నీళ్ల కన్నా ముందు చేరే దారి లేదు. సర్వర్ల పనిలో నేను చూసిన పెద్ద ప్రమాదాలన్నీ ఇలాగే జరిగాయి. ఒకటి ఆగితే దాని బరువు పక్కదాని మీద పడి అదీ ఆగుతుంది. మూసీ, ఈసీల మీద 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ కట్టాక నీటిమట్టం అడుగుల్లో కొలిచి కింద నగరానికి చెప్పే పద్ధతి కుదిరింది. ఉస్మాన్‌సాగర్ నిండుమట్టం 1790 అడుగులు. హైదరాబాదు చూసిన మొదటి డాష్‌బోర్డు అదే అంటాను.

సర్వర్ల పనిలో ఆ చూపుకు నేను చెప్పే మొదటి పనిముట్టు 1995 నాటిది. టోబియాస్ ఓటికర్ రాసిన ఎంఆర్‌టీజీ అనే ప్రోగ్రాం నెట్‌వర్కు రాకపోకలను ఐదు నిమిషాలకోసారి గీసేది: లోపలికి వచ్చేది ఆకుపచ్చ, బయటికి పోయేది నీలం. 1999లో ఈథన్ గాల్‌స్టాడ్ నెట్‌సెయింట్ తెచ్చాడు, తర్వాత అదే నాగియోస్ అయింది. హద్దు దాటితే మనిషిని పిలవడం దాని పని. హైదరాబాదులో సైబర్ టవర్స్ తెరిచింది 1998లో కనుక మా ముందుతరం చేయి తిరిగింది వీటి మీదే. 2012లో ప్రోమీథియస్, 2014లో గ్రఫానా అనే కొత్త పనిముట్లు మొదలయ్యాక బొమ్మ ఎంతో అందంగా మారింది.

బొమ్మ బాగుపడింది కానీ, నీరడికున్న హక్కు మాకు రాలేదు. నేను మునుపు పనిచేసిన ఒకచోట డిస్కు నిండుతోందన్న హెచ్చరిక రోజూ ఇరవై మందికి మెయిల్‌గా వచ్చేది. ఇరవై మందికీ వచ్చింది కాబట్టి ఎవరూ తనది అనుకోలేదు. ఒక తెల్లవారుజామున డేటాబేసు ఆగిపోయింది. రాత్రి షిఫ్టులో ఉన్న కుర్రాడికి పాత లాగ్ ఫైళ్లు తుడిచే అనుమతి కూడా లేదు, మేనేజరు నిద్రలేచేదాకా తెర చూస్తూ కూర్చున్నాడు. ఇప్పుడు మా టీములో ఏ అలర్టుకైనా ఒక పేరు, ఆ మనిషి చేయగల పని రాయించి పెట్టాను. చేయగలిగింది ఏమీ లేదంటే ఆ అలర్టును తీసేస్తాం.

ఊళ్లోనేమో 1984లో పటేల్, పట్వారీ వ్యవస్థ రద్దయింది. నీరడులు గ్రామ సేవకులయ్యారు, గ్రామ రెవెన్యూ సహాయకులు (వీఆర్ఏలు) అయ్యారు, 2023లో వేర్వేరు శాఖల్లో సర్దుబాటయ్యారు. అంతకు ముందు ఏడాదే, 2022లో, దశాబ్దాల తర్వాత మా పెద్దచెరువు మత్తడి దుంకింది. జనం ఫోన్లు పట్టుకుని చూడ్డానికి పోయారు, నేనూ పోయాను. ఆ రాత్రి కట్ట వెనక వాలు ఎవరి బాధ్యతో అక్కడ నేనడిగిన ఎవరూ చెప్పలేకపోయారు. మండలంలోని ప్రతి కట్ట మీదా ఒక మనిషి పేరు, ఫోను నంబరు, తూము ఎత్తే అధికారం తనదేనన్న మాట రంగుతో రాసిపెట్టమని నేను అడుగుతూనే ఉన్నాను.