సంస్థాంతర్గత విచారణ: చట్టము, వ్యవహారము

ఒక వాణిజ్య సంస్థలో నిధులు దారి మళ్ళినవనియో, కొనుగోళ్ళలో లంచములు చేతులు మారినవనియో, సంస్థ రహస్యములు ప్రత్యర్థికి చేరినవనియో అనుమానము పొడసూపినంతనే యాజమాన్యము రెండు భయముల నడుమ చిక్కుకొనును. విచారణ జరుపకున్నచో నష్టము పెరుగును. జరిపినచో పని కుంటుపడి, ఉద్యోగులు బెదరి, ఖాతాదారులు మరలిపోవుదురు. ఈ రెండవ భయమునుండియే, చట్టము విధించు నియమములన్నియు కాలహరణమునకే యున్నవనియు, వానిని కొంత పక్కకు నెట్టి చటుక్కున పని ముగించుటయే వ్యవహారదక్షత యనియు నొక అభిప్రాయము మన కార్యాలయములలో ప్రబలినది. న్యాయస్థానముల తీర్పులను వరుసగా పరిశీలించినవారికి ఈ అభిప్రాయము తలక్రిందులుగా నున్నదని తోచక మానదు. వ్యాపారమును స్తంభింపజేయునది విచారణ కాదు, హద్దులెరుగని విచారణ. ఆ హద్దులను గీయునది చట్టమే కనుక, చట్టబద్ధతయు కార్యనిర్విఘ్నతయు పరస్పర విరుద్ధములు కావని ఈ వ్యాసమున ప్రతిపాదింపబడుచున్నది.

మొదట రెండు దశలను వేరుపరచి చూడవలెను. ఏమి జరిగినదో తెలిసికొనుటకు యాజమాన్యము తనకై తాను జరుపుకొను ప్రాథమిక విచారణ ఒకటి. ఫలానా ఉద్యోగి ఫలానా తప్పు చేసెనని ఆరోపణ పత్రమిచ్చి, అతని వాదము విని, శిక్షార్హుడా కాడా యని తేల్చు క్రమశిక్షణ విచారణ మరియొకటి. చంపక్‌లాల్ చిమన్‌లాల్ షా వ్యాజ్యములో సర్వోన్నత న్యాయస్థానము మొదటిదానికి ఉద్యోగి సమక్షము అవసరము లేదని తేల్చినది. అది యజమాని తన మనస్సును సమాధానపరచుకొనుటకు మాత్రమే. కాని ఆ స్వాతంత్ర్యమునకు మూల్యము గలదు: ప్రాథమిక విచారణలో సేకరించిన వాంగ్మూలములను ఎదురు ప్రశ్నలకు తావీయకుండ తరువాతి విచారణలో సాక్ష్యముగా వాడుకొనరాదని 2013లో నిర్మలా ఝాలా తీర్పు విశదపరచినది. రెండవ దశకు కావలసిన అంగములను 1963లోనే సూర్ ఎనామెల్ వ్యాజ్యము నిర్దేశించియున్నది. ఆరోపణలు స్పష్టముగా తెలుపవలెను, సాక్షులను ఉద్యోగి సమక్షమున ప్రశ్నింపవలెను, వారిని ఎదురు ప్రశ్నించుటకును తన పక్షమున సాక్ష్యమిచ్చుకొనుటకును అతనికి అవకాశముండవలెను, విచారణాధికారి తన నిర్ణయమునకు కారణములు వ్రాయవలెను. ఇంతకుమించి న్యాయస్థానములు కోరినది తక్కువ. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమునకును శ్రీరామారావు అను పోలీసు అధికారికిని నడుమ నడచిన వ్యాజ్యమున, అదే 1963లో, శాఖాపరమైన విచారణకు క్రిమినలు కేసులకు వలసిన రుజువు అక్కరలేదనియు, కొంత సాక్ష్యమున్నచోట ఉన్నత న్యాయస్థానము అప్పీలు కోర్టువలె దానిని మరల తూచదనియు సర్వోన్నత న్యాయస్థానము పలికినది. చట్టము యజమానిని ఎంతగా నమ్ముచున్నదో ఈ రెండు తీర్పులను జంటగా చదివినవారికి బోధపడును.

ఈ రెండు దశలను కలగాపులగము చేయుటవలననే అనర్థము పుట్టుచున్నది. ప్రాథమిక దశలోనే నేరము రుజువైనట్లు భావించి విభాగమునంతటిని నిలదీయుట, లేదా క్రమశిక్షణ దశలోనికి వచ్చిన పిమ్మట క్రొత్త సంగతులకై మరల తవ్వకమునకు దిగుట, ఈ రెండింటిలో ఏది జరిగినను పని ఆగును, విచారణయు చెడును. కావున మొదటి దినముననే ఒక చిన్న పత్రము వ్రాసికొనుట మేలు: విచారింపదగిన ప్రశ్న ఏది, ఏ కాలమునకు సంబంధించినది, ఎవరు విచారింతురు, నివేదిక ఎవరికి చేరును. కొనుగోలు విభాగమున ఒకే సరఫరాదారునకు వరుసగా ఆర్డర్లు పోయినవన్న అనుమానమే కారణమైనప్పుడు, ఆ సరఫరాదారుని కొటేషన్లు, ఆ కాలపు చెల్లింపులు, వానిపై సంతకములు చేసిన ఇద్దరు ముగ్గురి ఉత్తరప్రత్యుత్తరములు చాలును; గిడ్డంగికి తాళము వేసి విభాగమునందలి కంప్యూటర్లన్నియు మోసికొనిపోవుట ఎలుకలకు భయపడి ఇల్లు తగులబెట్టుకొన్నట్లగును. నివేదికను అందుకొనువాడు ఆ వ్యవహారముతో ఏ మాత్రము సంబంధము లేనివాడై యుండవలెనన్నది చిన్న నియమమువలె కనబడును గాని, ఆచరణలో అన్నిటికంటె కఠినమైనదదియే. ఆరోపణ ఎదుర్కొనువాడు తరచుగా పై మెట్టుననే యుండును.

ఎలక్ట్రానిక్ సాక్ష్యము విషయమున నేడు శ్రద్ధ రెట్టింపు కావలసియున్నది. పూర్వపు సాక్ష్య చట్టములోని 65బి సెక్షను క్రింద ధ్రువపత్రము తప్పనిసరియని 2020లో అర్జున్ పండిత్‌రావు తీర్పు నిశ్చయించినది. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమునందలి 63వ సెక్షను ఆ ధ్రువపత్రమును రెండు భాగములుగా విభజించి, ఒకటి పరికరము ఎవరి అధీనమున నున్నదో వారును, మరియొకటి నిపుణుడును సంతకము చేయవలెననియు, రికార్డు యొక్క హాష్ విలువను పేర్కొనవలెననియు విధించినది. క్రమశిక్షణ విచారణాధికారికి సాక్ష్య చట్టము యథాతథముగా వర్తింపదు. కాని వ్యవహారము రేపు పోలీసులకో సివిలు కోర్టుకో చేరవచ్చును గనుక మొదటినుండియు ఆ ప్రమాణమునే పాటించుట వివేకము. ఇందును వ్యాపారమునకు అడ్డేమియు లేదు. రాత్రివేళ, ఉద్యోగులు వెళ్ళిన పిమ్మట, ఇద్దరు సాక్షుల సమక్షమున హార్డ్ డిస్కునకు అక్షరాక్షరము సరిపోవు ప్రతిని తీసి, దాని హాష్ విలువను వ్రాసికొని, తెల్లవారునప్పటికి యంత్రమును యథాస్థానమున నుంచినచో మరునాటి పని మరునాడే సాగిపోవును. అనుమానము పుట్టిన గడియనుండి పాత మెయిళ్ళు వాటంతటవి చెరిగిపోవు ఏర్పాటును నిలుపుట మరువరాదు. ఉద్యోగి సొంత ఫోను మాత్రము వేరు సంగతి. 2017లో తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించిన పిమ్మట, ఆ హక్కు ప్రధానముగా ప్రభుత్వమునకు ఎదురుగా నిలుచునదే యైనను, దాని ఛాయ ప్రైవేటు సంబంధములపై పడక మానలేదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము, యజమాని తనను నష్టమునుండి కాపాడుకొనుటకు ఉద్యోగి సమాచారమును వినియోగించుటకు చోటిచ్చినను, ఆ ప్రయోజనము దాటి పోవుటకు చోటీయలేదు. కంపెనీ లాప్‌టాప్‌ను తనిఖీ చేయుదుమని నియామక పత్రముననే వ్రాసియుంచిన సంస్థకు ఈ చిక్కులలో సగము తీరిపోవును.

ఇక ప్రశ్నించు పద్ధతి. ఉద్యోగిని ఒక గదిలో కూర్చుండబెట్టి, ఫోను లాగుకొని, తలుపు వద్ద సెక్యూరిటీవానిని నిలిపి, చీకటిపడువరకు ప్రశ్నించి, చివరకు రాజీనామా పత్రముపై సంతకము పెట్టించుకొనుట పెక్కుచోట్ల దక్షతగా చెలామణి యగుచున్నది. అది అక్రమ నిర్బంధమను నేరము. ఆ సంతకమునకు విలువ లేదు. పైపెచ్చు విచారించువాడే ముద్దాయి యగును. ఒప్పుకోలు పత్రమొక్కటి చేతనున్న చాలుననుకొనువారు రూప్‌సింగ్ నేగీ వ్యాజ్యమును చదువవలెను. పంజాబ్ నేషనల్ బ్యాంకు ఉద్యోగిని అతడు పోలీసుల వద్ద చేసినదని చెప్పబడిన ఒప్పుకోలు ఆధారముగా తొలగింపగా, పత్రములను దాఖలు చేసినంత మాత్రమున రుజువు కాదనియు, వానిని తెలిసిన సాక్షి వచ్చి చెప్పవలెననియు సర్వోన్నత న్యాయస్థానము ఆ తొలగింపును కొట్టివేసినది. గంటసేపు మర్యాదగా, ఇరువురి ఎదుట, అడిగిన ప్రశ్నను చెప్పిన జవాబును వ్రాసి చదివి వినిపించి సంతకము తీసికొన్నచో, అదియే పది గంటల గద్దింపుకంటె ఎక్కువ నిలుచును.

సస్పెన్షను గురించి కొంత విస్తరించుట అవసరము, ఏలయనగా అన్నిటికంటె ఎక్కువ పొరపాట్లు జరుగునది ఇచ్చటనే. సస్పెన్షను శిక్ష కాదు. సాక్ష్యము చెరిగిపోకుండ, సాక్షులు బెదరకుండ చేయు తాత్కాలికమైన ఏర్పాటు. స్టాండింగ్ ఆర్డర్ల చట్టము క్రింద మొదటి 90 దినములు సగము వేతనము, విచారణ జాప్యమునకు కార్మికుడు కారకుడు కానిచో పిమ్మట 75 శాతము జీవన భృతిగా ఈయవలసియుండెను. 2025 నవంబరు నుండి అమలులోనికి వచ్చిన పారిశ్రామిక సంబంధాల స్మృతి ఆ భృతిని నిలుపుకొనుటయే గాక, విచారణయే సాధారణముగా 90 దినములలో ముగియవలెనని చేర్చినది. భృతి ఈయకున్నచో ఏమగునో కోలారు బంగారు గనుల వ్యాజ్యము చెప్పును. భారత్ గోల్డ్ మైన్స్‌లో భద్రతాధికారిగా నున్న కెప్టెన్ పాల్ ఆంథొనీ ఇంటిపై 1985 జూన్‌లో పోలీసులు దాడిచేసి బంగారము దొరికినదనిరి; అతనిని సస్పెండు చేసి, భృతి యీయక, అతడు కేరళమునుండి రాలేక, అనారోగ్యమును చెప్పుకొని వాయిదా కోరినను వినక, ఏకపక్షముగా విచారణ ముగించి తొలగించిరి. అదే దాడి, అదే సాక్ష్యము ఆధారముగా నడచిన క్రిమినలు కేసులో అతడు నిర్దోషిగా విడుదలయ్యెను. 1999లో సర్వోన్నత న్యాయస్థానము అతనిని ఉద్యోగమున పునర్నియమించుచు చెప్పిన మాటలలో రెండు ఇచ్చట ముఖ్యములు: క్రిమినలు కేసును క్రమశిక్షణ విచారణను ఏకకాలమున నడుపుటకు అభ్యంతరము లేదు, ఆరోపణ గంభీరమై సంగతులు జటిలమైనచోట తప్ప; తిండికి లేనివానిని దూరదేశమునుండి విచారణకు రమ్మనుట విచారణ కానేరదు. ఆ భృతిని మిగిల్చి సంస్థ సంపాదించినది పదునాలుగేండ్ల వ్యాజ్యము. సస్పెన్షనుకంటె చాలచోట్ల విభాగము మార్చుటయో, వేతనముతో కూడిన సెలవుపై పంపి లాగిన్ మాత్రము నిలుపుటయో చాలును. అట్లు చేసినచో పుకార్లును తగ్గును.

హైదరాబాదు పాఠకులకు సన్నిహితమైన తీర్పు ఒకటి గలదు. నగరమందలి ఎలక్ట్రానిక్స్ కార్పొరేషను, అనగా ఇ.సి.ఐ.ఎల్., తన ఉద్యోగి కరుణాకర్‌తో నడపిన వ్యాజ్యమున 1993 అక్టోబరు 1న ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనము తీర్పు చెప్పెను. విచారణ జరిపినవాడు ఒకడు, శిక్ష విధించువాడు వేరొకడు అయినప్పుడు, శిక్ష విధించువాడు నిర్ణయమునకు రాకముందే విచారణ నివేదిక ప్రతి ఉద్యోగికి చేరవలెను. అతడు దానిపై చెప్పుకొనునది వినవలెను. ఈ హక్కు ప్రభుత్వోద్యోగికే గాక ప్రైవేటు సంస్థలోని వానికిని గలదని ధర్మాసనము స్పష్టపరచినది. నివేదిక ఈయనంత మాత్రమున ఉద్యోగిని వెంటనే పునర్నియమింపవలెనని మాత్రము అనలేదు. దానివలన అతనికి నిజముగా నష్టము కలిగినదా యని చూడవలెననెను. న్యాయమును, సంస్థ సౌకర్యమును ఇంత సమతూకముగా తూచిన తీర్పులు అరుదు. ఒక ప్రతి తీయించుటకు పట్టు సమయమెంత? దానిని ఈయని కారణమున ఎన్ని తొలగింపులు సంవత్సరముల తరబడి ట్రిబ్యునళ్ళలో వ్రేలాడుచున్నవో ఆ రంగమున పనిచేయువారికి తెలియును.

గోప్యతకును ప్రకటనకును గల వైరుధ్యము మరియొక సమస్య. లైంగిక వేధింపులపై 2013 నాటి చట్టము, ఫిర్యాదీ పేరును విచారణ వివరములను బయటపెట్టరాదని శాసించి, 90 దినములలో విచారణ, ఆపై పది దినములలో నివేదిక, 60 దినములలో చర్య యని గడువులు కట్టినది. దీనికి విరుద్ధముగా, షేరు మార్కెట్టులో నమోదైన కంపెనీ ఫోరెన్సిక్ ఆడిటు ఆరంభించినచో ఆ సంగతిని, కారణములతో, ఎక్స్ఛేంజీకి తెలుపవలెనని సెబీ 2020లో నిర్ణయించినది. కోటి రూపాయలు అంతకుమించిన మోసము ఆడిటరు కంటబడినచో, బోర్డు జవాబునకు 45 దినములు ఆగి, అతడు కేంద్ర ప్రభుత్వమునకు నివేదింపక తప్పదు. సంస్థలో జీతగాడైన న్యాయసలహాదారునితో మాటాడినదెల్ల రహస్యమేయని భ్రమపడరాదు: అడ్వకేటునకు గల రహస్యరక్షణ పూర్తికాల జీతగాండ్రకు వర్తింపదని 2025లో సర్వోన్నత న్యాయస్థానము చెప్పియున్నది. సున్నితమైన విచారణకు వెలుపలి అడ్వకేటును నియమించుకొనుటకు ఇంతకంటె కారణము వేరొకటి అక్కరలేదు.

విచారణను నిత్యవ్యాపారమునుండి వేరుపరచుట పెద్ద సంస్థ విషయమున ఎట్లు పనిచేయునో సత్యం కంప్యూటర్స్ చరిత్ర చూపును. 2008 డిసెంబరులో ఒక అజ్ఞాత ఫిర్యాదు ఈ-మెయిలు రూపమున డైరెక్టరు ఒకరికి చేరినది. అది తగిన విచారణగా రూపొందకమునుపే, 2009 జనవరి 7న అధ్యక్షుడు రామలింగరాజు తానే బోర్డునకు లేఖ వ్రాసి, నగదు, బ్యాంకు నిల్వలలో 5,040 కోట్ల రూపాయలు లేనివని వెల్లడించెను. ఇట్టి ఫిర్యాదులకు దారి కల్పించుచు, అవసరమైనచో ఆడిట్ కమిటీ అధ్యక్షునినే నేరుగా చేరు హక్కునిచ్చిన 177వ సెక్షను 2013 కంపెనీల చట్టమున చేరుట ఇటువంటి అనుభవముల పిమ్మటనే. కేంద్ర ప్రభుత్వము నియమించిన క్రొత్త బోర్డు చేసిన మేలైన పని యేమనగా, నేరపరిశోధనను దర్యాప్తు సంస్థలకును, లెక్కల పునర్లేఖనమును వెలుపలి ఆడిటు సంస్థలకును వదలి, తాను సుమారు 50,000 మంది ఉద్యోగుల జీతములపైనను ఖాతాదారుల ఒప్పందములపైనను దృష్టి నిలుపుట. సంస్థలోనివాడైన ఎ.ఎస్. మూర్తిని ఫిబ్రవరిలో ముఖ్య కార్యనిర్వహణాధికారిగా నియమించిరి. ఏప్రిల్ 13న, నూరు దినములు నిండకముందే, టెక్ మహీంద్రా కొనుగోలుదారుగా ఎన్నికయ్యెను. సరిదిద్దిన లెక్కలు 2010 సెప్టెంబరు వరకు వెలువడలేదు. 2015 ఏప్రిల్ 9న హైదరాబాదు ప్రత్యేక న్యాయస్థానము పదిమందిని దోషులుగా నిర్ణయించెను. అప్పీలులో వారి శిక్షల అమలు నిలుపబడెను. అప్పటికి సత్యం కంపెనీ టెక్ మహీంద్రాలో విలీనమై రెండు సంవత్సరములు కావచ్చుచుండెను.